లారెల్ లాడ్జ్ – 14: సున్నం కలిపిన చెయ్యి

పోయిన వారం ఎఫ్రాయిం పెర్రెట్‌ని లారెల్ లాడ్జ్ గేటు ముందు కారు దింపి, అక్కడే వదిలేసి పోయాం. డెబ్భై నాలుగేళ్ల మనిషిని మార్చి చలిలో వారం రోజులు నిలబెట్టడం పాపమే. అయితే ఆయన గార మేస్త్రీ. తడికీ, చలికీ, ఎదురుచూపుకీ ఆ ఒళ్లు ఎప్పుడో అలవాటు పడిపోయింది.

కారులో తీసుకొచ్చినవాడు ఇంటి యజమాని జూలియన్ లిడియర్డ్. దారి పొడుగునా పెద్దాయన మోకాళ్ల మీద దుప్పటి సర్దాడు, మంచి పొగాకు ఇచ్చాడు, "మా తాతగారి కాలం మనిషివి నువ్వు" అని మురిపించాడు. కోడికి ముందు మేతెందుకు వేస్తారో ఎఫ్రాయింకి తెలుసు. గేటు దగ్గర అసలు సంగతి బయటపడింది. మూడు గంటలకి లండన్ నుంచి ప్రభుత్వ తనిఖీ అధికారి వస్తున్నాడు. ఈ ఇల్లు పాత పనితనానికి నిలబెట్టదగ్గది అని ఆయన రాస్తే ఇక దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. తగదని రాస్తే జూన్‌లోగా పడగొట్టి, ఆ జాగాలో ఆరంతస్తుల ఫ్లాట్లు లేపుతారు. అధికారి మనసు మార్చగలిగేది ఇంట్లో ఒక్కటే మిగిలింది. డ్రాయింగ్ రూమ్ కప్పు అంచున చుట్టూ తిరిగిన సున్నపు పూల పట్టీ, కార్నిస్. అది ఇల్లు కట్టిన 1824 నాటిది కాదనీ, 1919లో ఎఫ్రాయిం చేసిన నకలనీ జూలియన్ ఏదో పబ్బులో విన్నాడు. ఆ మాట ఎఫ్రాయిం నోటితోనే చెప్పించడానికే ఈ దుప్పటీ, ఈ పొగాకూ.

ఇల్లు పోతే పోయింది, ఊళ్లో ఎన్ని పోలేదు అనుకోవచ్చు. కానీ ఆ డ్రాయింగ్ రూమ్‌ని అడ్డంగా చీల్చిన ప్లైవుడ్ గోడకి అవతల, ఒక మంచం, ఒక గ్యాస్ పొయ్యి, ఒక పిల్లితో జూలియన్ మేనత్త మిస్ అగస్టా లిడియర్డ్ బతుకుతోంది. ఆవిడ పుట్టింది ఆ ఇంట్లోనే. అరవై మూడేళ్లలో ఇంకో కప్పు కింద కాపురం ఉన్నది లేదు. ఇల్లు పడితే ఆవిడకి దొరికేది ఊరి చివర వృద్ధాశ్రమంలో ఆరుగురి మధ్య ఒక మంచం. ఎఫ్రాయిం ఆవిడతో మాట్లాడి నలభై మూడేళ్లయింది.

"ఏంటయ్యా, కాళ్లు కదలడం లేదా?" అన్నాడు జూలియన్.

"ఒక్క నిమిషం బాబూ. చూసుకోనీ."

ఎఫ్రాయిం ఇంటి ముఖాన్ని చూసుకున్నాడు. నడిమధ్యన తలుపు, దాని మీద విసనకర్రలా తెరుచుకున్న అద్దం, అటు రెండు కిటికీలు, ఇటు రెండు. మేడ మీద వరసగా ఐదు. కిటికీ చట్రాల కర్రలు ఎంత సన్నం అంటే, ఇప్పటి వడ్రంగులకి చూపిస్తే ఇది జరిగే పని కాదని దండం పెడతారు. వీధిలో మిగతా ఇళ్లన్నీ భుజం భుజం రాసుకుని నిలబడితే, ఈ ఒక్కటీ నలుగురికీ ఎడంగా, చుట్టూ గడ్డి వేసుకుని, బండి తిరిగే దారి పెట్టుకుని, దొరసానిలా వేరుగా కూర్చుంది.

లోపల ఉన్నది ఇటుకే. పైన సున్నపు గార మెత్తి, ఆరకముందే గీతలు గీసి, రాతి దిమ్మెలు పేర్చినట్టు నమ్మించారు. పక్క గోడకి అసలు కిటికీయే కానిది ఒకటుంది. లోపల మెట్ల గోడ అడ్డొచ్చి కిటికీ పెట్టడం కుదరలేదట, బయట చూస్తే జోడీ తప్పిందట. అందుకని గూడు కట్టి, అందులో నల్లరంగుతో అద్దాలు, తెల్లరంగుతో చట్రం గీసి పెట్టారు. ఎఫ్రాయిం తండ్రీ గార మేస్త్రీయే. పిల్లాణ్ణి మొదటిసారి ఇక్కడికి పనికి తెచ్చినప్పుడు ఆ గోడ చూపించి, "ఇది అబద్ధమాడే ఇల్లురా. కానీ ఎంత మర్యాదగా ఆడుతుందో చూడు" అన్నాడు. అప్పుడు ఎఫ్రాయింకి పన్నెండేళ్లు. ఇప్పుడా గార పెచ్చులూడి ఇటుక కనపడుతోంది.

అధికారి పేరు ఒగిల్వీ. బక్కపలచని స్కాట్లండ్ మనిషి. చేతి అల్లిక మఫ్లరు, జేబులో టార్చి, చేతిలో నల్ల పుస్తకం. చెప్పిన గంటకి చెప్పినట్టు వచ్చాడు, టీ వద్దన్నాడు.

"మేడ మెట్లేవీ?"

"ముప్పై నాలుగులో ఇంటిని వాటాలు చేసినప్పుడు కోసేశారు సార్," అన్నాడు జూలియన్.

"చలి కాచుకునే గోడపొయ్యిల చలువరాతి చట్రాలు?"

"మా నాన్నగారు అమ్మేశారు."

"వరండా ఇనుప కమ్మీలు?"

"యుద్ధంలో ప్రభుత్వానికి ఇచ్చేశాం సార్. విమానాలు చేస్తామన్నారు."

"చేశారా?"

"ఏమో సార్, నేనప్పటికి చిన్నవాణ్ణి."

"మొత్తానికి ఈ ముసలి ఇంటి ఒంటి మీద నూలుపోగు మిగల్చలేదన్న మాట," అని ఒగిల్వీ పుస్తకంలో ఏదో గీశాడు. జూలియన్ సంతోషం దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు.

డ్రాయింగ్ రూమ్‌లో ఒగిల్వీ తన కోటు విప్పి నేల మీద పరిచి, దాని మీద వెల్లకిలా పడుకున్నాడు. టార్చి వెలుగు కప్పు అంచున మెల్లగా పాకింది. కింద సన్నటి చారలు, వాటి మీద ఒక గుడ్డు, ఒక ఈటె మొనగా సాగే వరస, ఆ పైన హనీసకుల్ తీగ పూలు. ఒక పువ్వు విచ్చుకుని, ఒకటి ముడుచుకుని, మళ్లీ ఒకటి విచ్చుకుని. ఆ వరస ప్లైవుడ్ గోడ దాకా వచ్చి, దాని వెనక్కి దూరిపోయింది.

ఆయన టార్చిని ఆ చివర నుంచి ఈ చివరకి రెండుసార్లు తిప్పాడు. తర్వాత గొంతు మారిపోయింది.

"ఈ జిల్లాలో ఇట్లాంటిది నేను చూడలేదు. కిటికీ వైపు చూడండి, ఆ రేకులు చూడండి. సున్నమని మర్చిపోతాం. గాలొస్తే కదులుతాయేమో అనిపిస్తుంది. గోడపొయ్యి వైపువి కూడా శుభ్రంగానే ఉన్నాయి, కాకపోతే బడిపిల్లాడి రాతలా తిన్నగా ఉన్నాయి. ఇద్దరు చేశారు దీన్ని. పొయ్యి వైపు చేసినవాడు పనివాడు. కిటికీ వైపు చేసినవాడు మాత్రం..." అని ఆగిపోయి, "ఈ ఒక్కదాని కోసం ఇంటిని నిలబెట్టొచ్చు," అన్నాడు.

తలుపు పక్కన టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డ ఎఫ్రాయిం చెవులు ఎర్రబడ్డాయి. పొయ్యి వైపు చేసింది తనే.

"అది పాతదైతే కదా సార్!" అన్నాడు జూలియన్. ఇంతసేపూ ఆ మాట నాలుక చివర పెట్టుకుని తిరుగుతున్నాడు. "అదంతా 1919 నాటి నకలు. చేసిన మేస్త్రీ ఇదిగో, ఇక్కడే ఉన్నాడు. చెప్పవయ్యా ఎఫ్రాయిం. చర్చికి పోయేవాడివి, అబద్ధం ఆడవు కదా."

ఒగిల్వీ లేచి కూర్చున్నాడు. ఇద్దరూ ఎఫ్రాయిం వైపే చూస్తున్నారు.

ఎఫ్రాయిం అబద్ధం ఆడడు. ఊరందరికీ తెలుసు. తడిసిన గోడని ఆరిందని ఏనాడూ చెప్పని మనిషి. కానీ ఆ ప్లైవుడ్ గోడ అవతల గ్యాస్ పొయ్యి మీద కెటిల్ సన్నగా కూస్తోంది. ఆవిడ అక్కడే ఉంది. నిజం చెబితే ఆ కెటిల్ ఎక్కడికి పోతుంది?

1919 వేసవి ఒక్కసారిగా ముంచుకొచ్చింది. మేడ మీద స్నానాల గదిలో తొట్టి పొంగి, రాత్రికి రాత్రి ఈ కప్పు కూలింది. ఎఫ్రాయిం అప్పుడే యుద్ధం నుంచి వచ్చాడు. చిన్నప్పటి నుంచి పనిలో తన జోడీ విల్ఫ్ రాలేదు, ప్యాషన్‌డేల్ యుద్ధభూమి బురదలోనే ఉండిపోయాడు. ఊళ్లో ఇంకో గార మేస్త్రీ లేడు. మొదటి రోజు ఎఫ్రాయిం పరంజా పలక ఎక్కి ఒంటరిగా తంటాలు పడుతుంటే, కింద నుంచి ఇరవై ఏళ్ల అమ్మాయి అడిగింది: "నేను కలిపి అందిస్తే ఏమైనా నేరమా?"

నేరమే. డాక్టర్ లిడియర్డ్ గారి అమ్మాయి, తోటమాలి పాత ప్యాంటు తొడుక్కుని, మేక వెంట్రుకలు కలిపిన సున్నం కాళ్లతో తొక్కడం నేరం కాక ఏమవుతుంది? అయినా ఆరు వారాలు సాగింది. డాక్టరుగారు ఊళ్లో లేరు. మూడో వారానికి పూలు పోత పోసింది ఆవిడే. అచ్చులోంచి తీసిన పువ్వుని అలాగే అంటించేది కాదు. ఆరకముందు సన్న కత్తితో ఒక్కో రేకూ వంచేది. "నీ పూలన్నీ కవాతు చేస్తున్నాయి ఎఫ్రాయిం, కాస్త విశ్రాంతి ఇవ్వు వాటికి," అని నవ్వేది. ఎఫ్రాయింకి ముప్పై ఒకటి. తర్వాత ఐవీని చేసుకున్నాడు, ఐవీ మంచి మనిషి, పోయి ఆరేళ్లయింది. ఐవీ మీద ఒట్టేసి చెప్పినా నిజం నిజమే. ఆయన బతుకులో ఆ ఆరు వారాల్లాంటివి మళ్లీ రాలేదు.

డాక్టరుగారు ఒక రోజు ముందుగా ఊరి నుంచి వచ్చి, పలక మీద కూతుర్ని చూశారు. కేకలు వెయ్యలేదు. ఎఫ్రాయింని గదిలోకి పిలిచి, "ఇది బయటికి పొక్కితే దాన్నెవరు చేసుకుంటారు? పనంతా నువ్వొక్కడివే చేశానని మాటివ్వు," అన్నారు. ఎఫ్రాయిం మాటిచ్చాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆవిడని ఎవరూ చేసుకోనూ లేదు.

"చెప్పండి పెద్దాయనా," అన్నాడు ఒగిల్వీ మెత్తగా.

"నేనే చేశానండీ."

జూలియన్ చేతులు రుద్దుకున్నాడు.

"మీతో ఇంకెవరు?"

ఎఫ్రాయిం టోపీ అంచు నలిపాడు. "ఎవరూ లేరండీ. ఒక్కణ్ణే."

ఒగిల్వీ నవ్వాడు. అందులో వెక్కిరింత లేదు, జాలి ఉంది. "మా నాన్న డండీలో గార మేస్త్రీ. చిన్నప్పుడు నేనూ సున్నం మోశాను. కార్నిస్ అచ్చు బిగించిన చెక్కబండిని గోడ వెంట ఒకడు తోస్తుంటే, ముందు ఒకడు ముద్ద వేస్తూ పోవాలి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపాక పది నిమిషాల్లో రాయవుతుంది. ఇరవై ఎనిమిది అడుగుల గోడ. ఒంటరిగా ఎట్లా లాగారు? మూడో చెయ్యి మొలిచిందా?"

"లాగానండీ."

"లేదు. ఎక్కడో నాలుగు చోట్ల మాట్లు వేసి ఉంటారు. ఆ ముచ్చటే ఊళ్లో పెరిగి పెద్దదైంది. మీ తప్పేం లేదు, పాతబడ్డాక ఏది మనదో ఏది కాదో మనకే గుర్తుండదు." పుస్తకం తెరిచాడు. "1824 అనే రాస్తున్నాను."

"సార్, ఆయన స్వయంగా చెబుతున్నాడు కదా!" జూలియన్ ముఖం కందగడ్డయింది. "ఏమయ్యా, నీతో ఎవరున్నారో చెప్పి చావు! చచ్చినవాడైనా ఫరవాలేదు, పేరు చెప్పు!"

ఎఫ్రాయిం గోడ చూస్తూ నిలబడ్డాడు. పాము చావలేదు, కర్ర విరగలేదు. మాటిచ్చిన ఆ ఒక్కటి తప్ప నిజమే చెప్పాడు, ఎవరూ నమ్మలేదు, ఇల్లు నిలిచింది. దేవుడు ఇంతకంటే చక్కగా ఎవరికి అమర్చాడు? ఒక్క పేరు మింగేస్తే చాలు. నలభై మూడేళ్లు మింగినదే, ఇంకొక్క పూట.

ప్లైవుడ్ గోడలో తలుపు తెరుచుకుంది. ముందు పిల్లి వచ్చింది, తర్వాత చేతికర్ర, తర్వాత మిస్ అగస్టా. జుట్టు మొత్తం తెల్లబడింది. నడుం మాత్రం ఇంకా నిటారుగానే ఉంది.

"ఈ గోడ అంగుళంలో పావు వంతు కూడా లేదు. మీరు గుసగుసలాడినా నాకు వినపడుతుంది," అంది. తర్వాత ఒగిల్వీ వైపు తిరిగి, "రెండో మనిషిని నేను," అంది.

ఒగిల్వీ పుస్తకం మీద కలం ఆపాడు.

"కిటికీ వైపు పూలు నావి. రేకు చివర కత్తి ఆన్చి ఎడమకి తిప్పేదాన్ని, నాది ఎడమ చెయ్యి. టార్చి పెట్టి చూసుకోండి. ఒక్కటి కుడికి తిరిగి ఉంటే నా మాట అబద్ధం."

ఒగిల్వీ టార్చి ఎత్తాడు. ఒక పువ్వు, రెండో పువ్వు, ఐదో పువ్వు. చెయ్యి మెల్లగా దించాడు.

జూలియన్ ముందు నోరెళ్లబెట్టి, తర్వాత పకపకా నవ్వాడు. "అత్తయ్యా! నీ కప్పుని నీ నోటితోనే కూల్చుకున్నావే! నేను ముసలాయన్ని కారులో మోసుకొచ్చింది దండగ. పెట్టె సర్దుకుంటావా మరి?"

"తెలుసురా. తెలిసే వచ్చాను. నువ్వు కాసేపు నోరు మూసుకో."

"అమ్మాయిగారూ, ఎందుకండీ ఈ పని చేశారు?" ఎఫ్రాయిం ఒక అడుగు ముందుకేశాడు. "ఆయన రాసేస్తున్నారు. ఇల్లు నిలిచేది. మీ పేరు నేను ఏనాడూ ఎవరితోనూ..."

"అవును. ఎవరితోనూ చెప్పలేదు." ఆవిడ మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది. "ఈ నలభై మూడేళ్లు ఎంతమంది ఈ గదిలోకొచ్చి తలెత్తారో నీకు తెలుసా? 'అబ్బ, ఎఫ్రాయిం పెర్రెట్ చేతిలో ఏం మహత్తు!' అనేవాళ్లు. నేను టీ పోస్తూ నిలబడేదాన్ని. ఇవాళ ఈయనొచ్చి 1824లో చచ్చినవాడి మహత్తు అన్నాడు. అప్పుడూ నేను కాదు, ఇప్పుడూ నేను కాదు."

"మీ పేరు చెడకూడదని, మీ నాన్నగారు..."

"నాన్నగారు నిన్నడిగారు. నన్నడిగారా? నువ్వైనా అడిగావా? నా పేరు కాపాడాననుకున్నావు ఎఫ్రాయిం. నా పని పోగొట్టావు. నేను బతుకులో చేసిన పని అదొక్కటే."

ఎఫ్రాయింకి కళ్లు చెమర్చాయి. తను త్యాగం అనుకున్నది ఇన్నేళ్లూ ఆవిడకి దొంగతనంగా కనపడిందా? వీధిలో ఎదురైనప్పుడు టోపీ తీస్తే ఆవిడ తల తిప్పుకునేది. గొప్పింటి బిడియం అనుకున్నాడు. ఎంత పిచ్చివాడు!

ఒగిల్వీ గొంతు సవరించుకున్నాడు. "మిస్టర్ పెర్రెట్, ఆవిడ చెప్పింది మీరు ఒప్పుకుంటే నేను 1919 అని రాయాలి. రాశాక ఈ ఇంటికి నేను చెయ్యగలిగింది పెద్దగా ఉండదు. మీరు ఒప్పుకోకపోతే, ఇంట్లో ఉన్నావిడ ఏదో అందని ఊరుకోవచ్చు. ఆవిడ ఎక్కడుంటుందో, ఎక్కడికి పోవాల్సి వస్తుందో మనందరికీ తెలుసు. ఆలోచించి చెప్పండి. రాయమంటారా?"

ఎఫ్రాయిం ఆవిడ వైపు చూశాడు. ఆవిడ ఆయన్ని చూడటం లేదు. మెడ వెనక్కి వాల్చి కిటికీ వైపు పూలని చూసుకుంటోంది. ఎవరూ వద్దనకుండా, ఎవరికీ టీ పొయ్యకుండా, తీరిగ్గా చూసుకుంటోంది.

"రాయండి," అన్నాడు ఎఫ్రాయిం. "ఇద్దరి పేర్లూ రాయండి. ఆవిడది ముందు."

కలం కాగితం మీద గీసుకుంటూ పోయింది. అగస్టా లిడియర్డ్. ఎఫ్రాయిం పెర్రెట్. జూలియన్ కారు తాళాలు తీసుకుని గుమ్మం దాకా వెళ్లాడు.

"ఆగండి, ఇంకా అయిపోలేదు," అన్నాడు ఒగిల్వీ. "నకలు అంటే అసలొకటి ఉండాలి కదా. కప్పంతా కూలితే మీరు ఏం చూసి అచ్చు తీశారు?"

"గజం ముక్క మిగిలిందండీ, మూల మీద," అన్నాడు ఎఫ్రాయిం. "దాన్ని ముట్టుకోలేదు. పాతదాన్ని పాతగానే వదిలేశాం."

"పాతది గజం ఉంటే, దాన్ని చూసి కొనసాగించిన పనికి విలువ వేరు. నేను లండన్‌లో వాదించగలను. ఏ మూల?"

ఎఫ్రాయిం, అగస్టా ఒకేసారి ప్లైవుడ్ గోడ వైపు చూశారు.

గుమ్మంలో జూలియన్ తిరిగి నిలబడ్డాడు. మళ్లీ అదే నవ్వు. "ఆ మూలా? దాని పైన కప్పు నవంబరు నుంచి కారుతోంది కదా, అత్తయ్యా?"

"మూడు ఉత్తరాలు రాశాను నీకు. ఒక్కదానికీ జవాబు రాలేదు." ఆవిడ చేతికర్ర పట్టు బిగిసింది. "పెచ్చులు మంచం మీద పడుతున్నాయని జనవరిలో పాత దుప్పటి కట్టించాను దాని కింద. ఆ తర్వాత పైకి చూసే ధైర్యం నాకు చాల్లేదు ఎఫ్రాయిం."

వంటింటి నిచ్చెన తెచ్చి వేశారు. ఒగిల్వీ ఎక్కబోతే ఎఫ్రాయిం ఆయన భుజం మీద చెయ్యేసి ఆపి, తనే ఎక్కాడు. మోకాళ్లు కలుక్కుమన్నాయి. కింద నిచ్చెన కాళ్లని రెండు చేతులు పట్టుకున్నాయి. ఎవరివో వంగి చూడక్కర్లేకుండానే ఆయనకి తెలిసింది.

దుప్పటి తడితో బరువెక్కి కిందికి జారి ఉంది. నడుమ లోతుగా ఏదో గట్టిది పడి ఉంది. ఊడిపడ్డ కప్పు పెచ్చేనా, ఆ పాత గజం ముక్కేనా? ఎఫ్రాయిం మూల మీద ముడి విప్పాడు.